మాటకు దూరాన్ని దాటించిన ఆచార్యుడు

మానవుని కంఠధ్వనికి ఒక హద్దు ఉన్నది. ఎంత బిగ్గరగా పిలిచినా ఆ పిలుపు ఊరి పొలిమేరను దాటి వినబడదు. 1876లో అలెగ్జాండర్ గ్రాహంబెల్ టెలిఫోనుకు పేటెంటు పొందినప్పుడు ఆ హద్దు శాశ్వతంగా తొలగిపోయినదని లోకం సంతోషించింది. కాని ఆ సంతోషం సంపూర్ణం కాలేదు. తీగ పొడవు పెరిగిన కొద్దీ మాట సన్నగిల్లేది, అక్షరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయేవి. నగరాలలో భూమి అడుగున వేసిన కేబుళ్లలో ఈ బాధ మరీ ఎక్కువగా ఉండేది. తీగను లావు చేయడం ఒక ఉపాయమే గాని, రాగి వెల భరించరానిది. ఈ చిక్కుముడిని విప్పినవారిలో ప్రముఖుడు కొలంబియా విశ్వవిద్యాలయంలో విద్యుచ్ఛాస్త్రాన్ని బోధించిన ఆచార్య మైఖేల్ పూపిన్. బాల్యంలో ఆయన పశులకాపరి. పదిహేను, పదహారేళ్ల ప్రాయంలో జేబులో ఐదు సెంట్లతో పరాయి దేశపు గడ్డపై కాలు మోపిన అనామకుడు.

పూపిన్ 1858లో ఇద్వోర్ అనే చిన్న గ్రామంలో జన్మించాడు. మాతృభాషలో ఆయన పేరు మిహాయ్లో. ఆనాడు ఆ గ్రామం ఆస్ట్రియా సామ్రాజ్యపు సరిహద్దు ప్రాంతంలో ఉండేది. నేడది సెర్బియా దేశంలో ఉన్నది. తండ్రి కాన్‌స్టాంటిన్, తల్లి ఒలింపియాదా. ఇద్దరూ సెర్బు జాతికి చెందిన రైతులు. ఇద్దరికీ చదువను, వ్రాయను రాదు. అయితే ఆ తల్లి హృదయంలో విద్యపై అపారమైన గౌరవం ఉండేది. చదువురానివాడు కన్నులుండీ చూడలేనివాడని ఆమె నమ్మకం. కుమారునికి బడిపై విసుగు కలిగినప్పుడల్లా ఆమె ఈ మాటనే సున్నితంగా బోధించి, అతని మనస్సును మళ్ళీ పుస్తకంవైపు త్రిప్పేది. పూపిన్ తరువాతి కాలంలో తన ఉన్నతికి మూలం తల్లేనని పదే పదే స్మరించుకొన్నాడు.

వేసవి రాత్రులలో గ్రామంలోని ఎద్దులను మేతకు తోలుకొనిపోయే పని బాలురది. అక్కడి మైదానాలు చెట్టూ చేమా లేని సమతలాలు. పచ్చికబయలును ఆనుకొని మొక్కజొన్న చేలు, ఆ చేలలో పొంచి ఉండే పశువుల దొంగలు. చీకటిలో కన్ను పనిచేయదు కనుక బాలురు చెవిని నమ్ముకొన్నారు. పొడుగాటి కొయ్య పిడి గల కత్తిని ఒకడు నేలలో గ్రుచ్చి పిడిపై కొట్టేవాడు. దూరాన మరొకడు నేలకు చెవి ఆనించి ఆ చప్పుడు వినేవాడు. ఈ సంకేతాలతోనే వారు ఒకరినొకరు హెచ్చరించుకొనేవారు. ఇక్కడ మిహాయ్లో ఒక విశేషాన్ని గమనించాడు. గట్టిగా ఉన్న పచ్చిక నేలలో ఆ చప్పుడు చాలా దూరం సాగుతున్నది. దున్ని గుల్లచేసిన చేలలో అది కొద్ది దూరంలోనే ఇంకిపోతున్నది. చప్పుడు ఒక్కటే, కొట్టిన చేయి ఒక్కటే. మరి ఈ భేదమెందుకు? ఈ ప్రశ్న బాలుని మనస్సులో నాటుకొన్నది. దానికి సమాధానం దొరకడానికి చాలా ఏళ్లు పట్టింది.

గ్రామంలోని బడి చదువు ముగిసిన తరువాత తల్లి ప్రోత్సాహంతో మిహాయ్లో పాంచెవో పట్టణంలోని పాఠశాలలో చేరాడు. అక్కడ కోస్ అనే ఉపాధ్యాయుడు శబ్దమంటే కంపనమని, తీగ కంపించినట్లే వాయువూ కంపిస్తుందని బోధించాడు. మెరుపు విద్యుత్తేనని బెంజమిన్ ఫ్రాంక్లిన్ గాలిపటంతో నిరూపించిన కథను కూడ ఆయనే చెప్పాడు. సెలవులకు ఇంటికి వచ్చిన బాలుడు ఈ సంగతి వినిపించగా తండ్రి ఆగ్రహించాడు. ఉరుము ఎలియా మహర్షి రథచక్రాల ధ్వని అని ఆ గ్రామస్థుల విశ్వాసం. తల్లి మాత్రం కుమారుని పక్షాన నిలిచి భర్తను శాంతింపజేసింది. ఆ తరువాత పూపిన్ ఉన్నత విద్యకై ప్రాగ్ నగరానికి వెళ్ళాడు. ఇంతలో తండ్రి మరణించాడు. ఇంటి భారమంతా తల్లిపై పడింది. తన చదువు ఆమెకు మోయలేని బరువు కాకూడదని తలచి, ఆ బాలుడు ఒక సాహసానికి పూనుకొన్నాడు. పుస్తకాలను, గడియారాన్ని, గొర్రెతోలు కోటును అమ్మివేసి, ఆ సొమ్ముతో అమెరికాకు పోయే వలసదారుల ఓడలో చోటు సంపాదించాడు.

1874 మార్చి నెల. ఉత్తర అట్లాంటిక్ మహాసముద్రంపై చలిగాలులు వీచే కాలం. కోటును అమ్ముకొన్న బాలునికి ఓడ పొగగొట్టపు వేడియే ఆ ప్రయాణంలో రక్ష. న్యూయార్కు రేవులో అధికారులు అతనిని ప్రశ్నించారు. అమెరికాలో తెలిసినవారెవరని అడుగగా, ఫ్రాంక్లిన్, లింకన్, ‘అంకుల్ టామ్స్ కాబిన్’ రచయిత్రి హారియట్ బీచర్ స్టో తనకు తెలుసునని బదులిచ్చాడు. బంధువులు గాని, చేతి వృత్తి గాని, ధనం గాని లేని ఆ బాలుని సమాధానానికి అధికారులు ముగ్ధులై లోనికి అనుమతించారు. ఉన్న ఐదు సెంట్లతో అతడు కొన్న తినుబండారంలో పండుకు బదులు గింజలే ఉన్నాయి. క్రొత్త దేశం నేర్పిన మొదటి పాఠమది.

తరువాతి ఐదేళ్లూ కఠోర శ్రమ. డెలవేర్ రాష్ట్రపు పొలాలలో కంచరగాడిదలను తోలాడు. న్యూయార్కులో బిస్కట్లు చేసే కర్మాగారంలో కూలికి కుదిరాడు. పగలు పని, రాత్రి చదువు. కూపర్ యూనియన్ అనే సంస్థ శ్రామికుల కోసం ఉచితంగా నడిపే పఠన మందిరంలోను, సాయంకాలపు ఉపన్యాసాలలోను ఆయన విజ్ఞానదాహం కొంత తీరింది. కర్మాగారంలో బాయిలరు కాచే కార్మికుడొకడు ఆవిరి శక్తిని గురించిన తొలి పాఠాలు చెప్పాడు. అక్కడే పరిచయమైన మరొక చదువరి గ్రీకు, లాటిన్ భాషలు నేర్పాడు. 1879లో కొలంబియా కళాశాల ప్రవేశ పరీక్షలో పూపిన్ గ్రీకు మహాకావ్యమైన ఇలియడ్‌లోని మొదటి రెండు సర్గలను కంఠస్థంగా వినిపించాడు. ఆశ్చర్యపడిన పరీక్షకులు ఆయనకు జీతం లేకుండా చదువుకొనే అవకాశం కల్పించారు. 1883లో పట్టభద్రుడయ్యాడు. దానికి ముందురోజే ఆయనకు అమెరికా పౌరసత్వం లభించింది.

పట్టా లభించినంత మాత్రాన పూపిన్ తృప్తి చెందలేదు. విద్యుత్తంటే ఏమిటో మూలం నుండి తెలిసికొనాలనే కోరికతో ఇంగ్లండులోని కేంబ్రిడ్జికి వెళ్ళి గణితశాస్త్రాన్ని అభ్యసించాడు. ఫారడే, మాక్స్‌వెల్ మహాశయుల సిద్ధాంతాలను జీర్ణం చేసికొన్నాడు. పిదప జర్మనీలో హెల్మ్‌హోల్ట్జ్ పండితుని శిష్యుడై 1889లో బెర్లిన్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరు పట్టం పొందాడు. అంతకు ముందు సంవత్సరమే సారా జాక్సన్ అనే అమెరికన్ యువతిని వివాహమాడాడు.

1889లో కొలంబియాలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు శాఖ క్రొత్తగా ప్రారంభమైంది. పూపిన్, ఫ్రాన్సిస్ క్రాకర్ దానికి తొలి అధ్యాపకులు. ఆ శాఖకు కేటాయించిన ఇటుకల షెడ్డును చూచి విద్యార్థులు పశువులకొట్టమని పరిహాసమాడేవారు. పశువులు కాచిన బాల్యం గల ఆచార్యునికి ఆ పేరు చిన్నతనంగా తోచలేదు. పరికరాలు కొనడానికి ధనం లేకపోతే ఇద్దరు అధ్యాపకులూ వ్యాపారస్థులకు రుసుముపై ఉపన్యాసాలిచ్చి 300 డాలర్లు కూడబెట్టారు. ఆ సొమ్ముతో తయారైన పరికరాలతోనే పూపిన్ విద్యుత్ అనునాదాన్ని పరిశీలించాడు. అనేక పౌనఃపున్యాలు కలిసి ఉన్న ప్రవాహం నుండి కావలసిన ఒక్కదానిని మాత్రమే ఏరుకొనే విధానమది. రేడియోలో మనకు కావలసిన స్టేషనును ఎన్నుకోవడం వెనుక ఉన్న సూత్రం ఇదే.

1895 చివరలో రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలను కనుగొన్న వార్త వెలువడగానే పూపిన్ కూడ ఆ ప్రయోగాలలో నిమగ్నుడయ్యాడు. 1896 ఫిబ్రవరిలో తుపాకి రవ్వలు దూసుకొనిపోయిన ఒక వ్యక్తి చేతిని ఫొటో తీయవలసివచ్చింది. సుమారు గంటసేపు కదలక ఉండడం ఆ రోగికి సాధ్యం కాలేదు. అప్పుడు పూపిన్ ఫొటో పలకపై కాంతినిచ్చే ఒక తెరను అమర్చాడు. ఎక్స్ కిరణాలు తెరను తాకి కాంతిగా మారి, ఆ కాంతి పలకపై పడడంతో కొద్ది క్షణాలలోనే స్పష్టమైన చిత్రం వచ్చింది. ఎముకల మధ్య రవ్వలన్నీ లెక్కపెట్టగలిగినట్లు కనబడ్డాయి. శస్త్రవైద్యుని పని సులభమైంది. ఈ విజయానందం ఎంతో కాలం నిలువలేదు. ఆ సంవత్సరమే ఊపిరితిత్తుల వ్యాధి ఆ ఇంటిపై విరుచుకొనిపడింది. పూపిన్ బ్రతికి బయటపడ్డాడు గాని భార్య మరణించింది. చిన్నారి కుమార్తెతో మిగిలిపోయిన ఆయన చాలాకాలం కోలుకొనలేకపోయాడు. క్రమంగా గణితమే ఆయనను మళ్ళీ జీవితంలోకి తీసికొనివచ్చింది.

ఆ గణితం తీగల కంపనానికి సంబంధించినది. ఫ్రెంచి గణితవేత్త లగ్రాంజి నూరేళ్లకు పూర్వమే బరువులు కట్టిన తీగ ఎట్లా కంపిస్తుందో విచారించాడు. 1894లో వేసవి సెలవులలో దానిని మననం చేస్తున్నప్పుడు పూపిన్ మనస్సులో ఒక ఆలోచన మెరిసింది. ఒక పొడవైన త్రాడును గోడకు కట్టి రెండవ కొసను ఆడించినట్లయితే అల పుట్టి ముందుకు సాగుతుంది. త్రాడు తేలికైనదైతే చుట్టూ ఉన్న గాలి ఒరిపిడికి ఆ అల త్వరగా నశిస్తుంది. త్రాడు బరువైనదైతే అల చాలా దూరం పోగలదు. త్రాడంతటినీ బరువుగా చేయనక్కరలేదు. నడుమ నడుమ సమాన దూరాలలో చిన్న చిన్న బరువులు కట్టినా అది బరువైన త్రాడువలెనే ప్రవర్తిస్తుంది. అయితే ఇక్కడ ఒక నియమం ఉన్నది. బరువుల మధ్య దూరం అల పొడవుతో పోల్చినప్పుడు చాలినంత తక్కువగా ఉండాలి. దూరం పెరిగిందా, అల బరువుకు తగిలి వెనుకకు మరలిపోతుంది.

టెలిఫోను తీగలో త్రాడు బరువుకు సాటివచ్చే గుణం ప్రేరకత్వం. ఇనుప ఉంగరంపై రాగి తీగను చుట్టినట్లయితే ప్రేరకత్వం లభిస్తుంది. ఇట్టి చుట్టలను తీగ పొడవునా నియమిత దూరాలలో అమర్చినప్పుడు అదే శక్తి తక్కువ ప్రవాహంతో, ఎక్కువ వోల్టేజితో ప్రయాణిస్తుంది. తీగ నిరోధం వలన కలిగే నష్టం ప్రవాహపు వర్గాన్ని అనుసరించి ఉంటుంది. కనుక ప్రవాహం తగ్గితే నష్టమూ తగ్గుతుంది. మాటలోని హెచ్చు, తగ్గు స్వరాలు కూడ ఇంచుమించు సమానంగా ప్రయాణించడం వలన మాట స్పష్టంగా వినబడుతుంది. చుట్టలను ఎంతెంత దూరంలో ఉంచాలో పూపిన్ గణితం నిర్ణయించింది. ఆయన ప్రయోగశాలలో కృత్రిమంగా నిర్మించిన తీగ మార్గంపై ప్రయోగం చేసి చూపాడు. 1899 డిసెంబరులో దరఖాస్తు చేయగా 1900 జూన్‌లో పేటెంటు లభించింది. గుల్లనేలలో ఇంకిపోయే చప్పుడును గురించి చిన్ననాడు కలిగిన ప్రశ్నకు ఈ విధంగా ఒక సమాధానం దొరికింది. కొట్టే చేతికి బలం పెంచనక్కరలేదు, దారిని చక్కబరచితే చాలునని ఆ సమాధానపు సారాంశం.

ఈ ఘనత యావత్తూ పూపిన్ ఒక్కనిదే అనుకొంటే సత్యానికి లోపం చేసినవారమవుతాము. ప్రేరకత్వాన్ని పెంచినట్లయితే మాట వికృతి చెందదని ఇంగ్లండుకు చెందిన ఆలివర్ హెవిసైడ్ 1887లోనే సిద్ధాంతీకరించాడు. ఆనాటి ఇంజనీర్లు ఆయన మాటను పెడచెవిని పెట్టారు. ఆయన పేటెంటు తీసికొనలేదు, ధనమూ గడించలేదు. అమెరికన్ టెలిఫోను కంపెనీలో పనిచేస్తున్న జార్జి కాంప్‌బెల్ అనే యువ ఇంజనీరు కూడ అదే కాలంలో స్వతంత్రంగా ఈ చుట్టల లెక్కలు కట్టి ప్రయోగాలు చేశాడు. అయితే ఆయన దరఖాస్తు పూపిన్ దరఖాస్తు తరువాత కొన్ని నెలలకు గాని చేరలేదు. ఇద్దరిలో ఎవరు ముందన్న వివాదం పేటెంటు కార్యాలయంలో నడిచి, చివరకు పూపిన్‌కు అనుకూలంగా ముగిసింది. కంపెనీ ముందుజాగ్రత్తగా 1900లోనే పూపిన్ హక్కులను కొనివేసింది. కొన్ని సంవత్సరాలలో ఆయనకు ముట్టిన మొత్తం నాలుగు లక్షల డాలర్లకు మించినది. శాస్త్ర చరిత్రకారులు నేడు ఈ ముగ్గురి పేర్లనూ కలిపి స్మరిస్తున్నారు. చట్టం ఇచ్చిన తీర్పుకంటె చరిత్ర ఇచ్చే తీర్పు విశాలమైనది.

ఆవిష్కరణ ఫలితం అచిరకాలంలోనే ప్రత్యక్షమైంది. సన్నని రాగి తీగతోనే దూరపు నగరాలు కలిశాయి. 1911లో న్యూయార్కు, డెన్వర్ నగరాల మధ్య సుమారు 3,400 కిలోమీటర్ల మార్గం ఈ చుట్టల సాయంతో ప్రారంభమైంది. 1915 జనవరిలో న్యూయార్కు నుండి శాన్‌ఫ్రాన్సిస్కో వరకు మాట ప్రయాణించినప్పుడు చుట్టలకు తోడుగా శూన్యనాళికల వర్ధకాలు కూడ పనిచేశాయి. ఐరోపా ఖండంలో తీగలకు ఈ చుట్టలు అమర్చే పనికి పూపినైజేషన్ అనే పేరే స్థిరపడింది. వర్ధకాలు అభివృద్ధి చెందిన తరువాత స్తంభాలపై సాగే దూరపు తీగల నుండి చుట్టలను తొలగించారు. కేబుళ్లలో మాత్రం అవి దీర్ఘకాలం నిలిచాయి. ఈ చుట్టలు మాటకు అవసరమైన పౌనఃపున్యాలను సులభంగా పోనిచ్చి, అంతకు మించినవాటిని అడ్డగిస్తాయి. అందుచేత టెలిఫోను తీగపైనే ఇంటర్నెట్‌ను అందించే విధానం వచ్చినప్పుడు ఇంజనీర్లు పాత చుట్టలను వెదకి తీసివేయవలసివచ్చింది. ఒక కాలపు వరం మరొక కాలానికి అవరోధం కావడం సాంకేతిక విజ్ఞానంలో సహజమే.

ధనం చేకూరినా పూపిన్ బోధనను విడువలేదు. 1931లో పదవీ విరమణ చేసే వరకు కొలంబియాలోనే ఆచార్యుడుగా కొనసాగాడు. శిష్యులలో ప్రతిభను గుర్తించి చేయూతనీయడం ఆయన స్వభావం. భౌతికశాస్త్ర విద్యార్థి రాబర్ట్ మిల్లికాన్‌ను జర్మనీకి వెళ్ళి చదువుకొమ్మని ప్రోత్సహించి, అందుకు 300 డాలర్లు అప్పుగా ఇచ్చాడు. ఆ మిల్లికాన్ 1923లో నోబెల్ బహుమతి పొందాడు. ఎఫ్.ఎం. రేడియోను సృష్టించిన ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఆయన శిష్యుడే. పూపిన్ ప్రయోగశాలలో సహాయకుడుగా చేరి, గురువు తరువాత ఆచార్య పీఠాన్ని అలంకరించాడు. అమెరికాలో వైమానిక పరిశోధనకై 1915లో ఏర్పడిన జాతీయ సలహా సంఘంలో పూపిన్ తొలి సభ్యులలో ఒకడు. 1920లో ఎడిసన్ పతకం ఆయనను వరించింది.

అమెరికా పౌరుడైనా పూపిన్ పుట్టినగడ్డను మరువలేదు. న్యూయార్కులో సెర్బియా దేశపు గౌరవ కాన్సల్‌గా వ్యవహరించాడు. మొదటి ప్రపంచయుద్ధంలో సెర్బియా నలిగిపోతున్నప్పుడు తన ఆస్తిని సైతం పూచీగా నిలిపి సహాయ సామగ్రిని పంపించాడు. 1919లో పారిస్‌లో జరిగిన శాంతి సమావేశానికి వెళ్ళి తన ప్రాంతపు సరిహద్దుల విషయంలో కృషి చేశాడు. 1914లో తల్లి పేరిట ఒక నిధిని స్థాపించి పేద విద్యార్థుల చదువుకు వినియోగించాడు. అక్షరం రాని తల్లి పేరు ఆ విధంగా ఎందరో పిల్లల అక్షరాభ్యాసంతో ముడిపడింది.

పూపిన్ 1923లో ప్రచురించిన ఆత్మకథకు మరుసటి సంవత్సరం పులిట్జర్ బహుమతి లభించింది. ఆయన బాల్యాన్ని గురించి లోకానికి తెలిసినదంతా చాలవరకు ఆ గ్రంథం వలననే తెలిసింది. ఒక శాస్త్రవేత్త స్వీయచరిత్ర సాహిత్య పురస్కారానికి నోచుకోవడం అరుదైన విషయం. చివరి సంవత్సరాలలో కాళ్లకు పక్షవాతం సోకినా ఆయన ఉత్సాహం తగ్గలేదు. 1935 మార్చి 12న న్యూయార్కులో తుదిశ్వాస విడిచాడు. ఆ తరువాత కొలంబియాలోని భౌతికశాస్త్ర భవనానికి ఆయన పేరు పెట్టారు. 1939 జనవరిలో అమెరికాలో తొలిసారిగా యురేనియం పరమాణు విచ్ఛిత్తి ప్రయోగం జరిగినది ఆ భవనంలోనే.

పూపిన్ జీవితాన్ని పరిశీలించినప్పుడు ఒక విషయం స్పష్టమవుతుంది. పచ్చికబయలులో చప్పుడు వినడం తోటి బాలురందరూ చేసిన పనే. అది ఎందుకిట్లా జరుగుతున్నదని ప్రశ్నించినవాడు, ఆ ప్రశ్నను కర్మాగారపు వేడిలోనూ, భార్యావియోగ దుఃఖంలోనూ పోగొట్టుకొనకుండా కాపాడుకొన్నవాడు పూపిన్. దానికి జవాబు చెప్పగల గణితాన్ని నేర్చుకొనేందుకు ఆయన ఏ శ్రమకూ వెనుదీయలేదు. మాట దారి మధ్యలో క్షీణించిపోకుండ తీగకు అక్కడక్కడ ఆధారం కల్పించాడాయన. తల్లి బోధ, గురువు పాఠం, కార్మిక మిత్రుని స్నేహం ఆయన జీవిత మార్గంలో అట్టి ఆధారాలే అయినాయి. తాను పొందిన ఆ చేయూతను శిష్యులకు, స్వగ్రామపు బాలలకు తిరిగి అందించడంలోనే ఆయన ఆచార్యత్వం సార్థకమైంది.